గర్భగుడి సందూ, ఉలవ గుగ్గిళ్ళూ

నేను గుళ్ళో ఇరుక్కుపోయిన రోజుకి దసరా వెళ్ళి వారమైంది.

మాది ఆళ్ళగడ్డ. రాతి విగ్రహాలు చెక్కడం మా ఇంటి వృత్తి. నంద్యాల దారిలో ఒక పల్లెలో పాత నరసింహస్వామి గుడి ఉంది. దాన్ని తాతల కాలం నుంచి ఒక రైతు కుటుంబం చూసుకుంటోంది. మూలవిగ్రహం బీటవారిందని, కొత్తది చెక్కమని ఆ ఇంటి పెద్దాయన నన్ను పిలిపించాడు. స్వామి ఒక రాయి, ఆయన వెనక నిలబడే మకరతోరణం ఇంకో రాయి. కొలతలు తీసుకుందామని టేపు పట్టుకుని వెళ్ళాను.

గర్భగుడి చాలా చిన్నది. పాత విగ్రహాన్ని అప్పటికే పక్కకు తీశారు. రొమ్ము ఎత్తున పీఠం మాత్రం ఉంది. పీఠానికీ వెనక గోడకూ మధ్య జానా నాలుగు వేళ్ళ సందు. తోరణాన్ని బిగించేది ఆ వెనక నుంచే కాబట్టి, దాని కొసలు కూర్చునే గుంతలు ఎట్లా ఉన్నాయో చూడాలని పక్కవాటంగా ఆ సందులోకి దూరాను. భుజం పోయింది, చెయ్యి పోయింది. పొట్ట దగ్గర ఆగిపోయాను.

పెద్దాయన గడప అవతల నుంచి తొంగి చూశాడు.

"ఏమప్పా, ఆడనే నిలబడినావ్?"

"రాల్యాక పోతాండా అన్నా."

"ముందుకా, వెనక్కా?"

"యాటికీ ల్యా."

పూజారి వచ్చి, "గాలి వదులప్పా, బాగా వదులు" అన్నాడు. వదిలాను. పెద్దాయన నా మణికట్టు పట్టుకుని లాగాడు. చొక్కా గుండీలు రెండు తెగి పీఠం మీద పడ్డాయి. మూడోసారి లాగితే బయటికొచ్చి ఆయన మీదే పడ్డాను. నన్ను లేవదీసి, దుమ్ము దులిపి, ఆయన అన్న మాట ఇది:

"మా సామి కన్నా ముందు నువ్వే ప్రతిష్ఠ అయిపోతాండావ్ గదప్పా!"

అక్కడున్న పదిమందీ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆయన మెల్లగా అడిగాడు: "మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్యాం. ఆ పొద్దు వెనకకు పోయి తోరణం బిగించేదెవరు?"

నా దగ్గర పనిచేసేవాళ్ళలో సన్నగా ఉన్నవాళ్ళు లేకపోలేదు. కానీ తోరణం కొస గుంతలో సరిగ్గా కూర్చోకపోతే రాయి ఎక్కడ ఎంత తీయాలో వేలితో తడిమి తేల్చాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే పీఠం పెచ్చు లేస్తుంది. అది నేను ఇంకొకరికి అప్పజెప్పే పని కాదు. గోడ కొంచెం తొలుద్దామంటే పెద్దాయన ఒప్పుకోడు. వాళ్ళ తాతలు కట్టిన గోడ.

"నేనే బిగిస్తా అన్నా."

"ఎట్ల?"

"మాఘానికి తగ్గుతా."

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అన్నాక మాత్రం ఒంట్లో ఏదో జివ్వుమంది. మోటారుసైకిల్ మీద ఇంటికొస్తుంటే, గుండీలు లేని చొక్కా గాలికి ఎగురుతుంటే, నాకు చిన్నప్పుడు మొదటిసారి ఉలి చేతికిచ్చిన రోజంత ఉత్సాహంగా ఉంది.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ "బావా" అనే పిలుస్తుంది, ఉన్నమాట మొహం మీదే అంటుంది. జరిగింది చెబితే నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఎంత బరువుండావో ఎప్పుడన్నా చూసుకున్యావా బావా?" అంది. మరునాడు పొద్దున బజారులో బియ్యం అంగడికి తీసుకెళ్ళి బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టింది. తొంభై ఎనిమిది కిలోలు. అంగడాయన ముల్లు చూసి, "క్వింటాలుకు రెండు కిలోలు తక్కువ" అన్నాడు.

ఆ రోజు నుంచి ఫోను పట్టుకున్నాను. బరువు తగ్గించే తిండ్లు ఏమిటని వెతికితే వీడియోలకు అంతు లేదు. అందరి నోటా ఒకటే మాట, మెటబాలిజం. నాకు నోరు తిరగడానికే రెండు రోజులు పట్టింది.

"అంటే ఏంది?" అని మా ఆవిడ అడిగింది.

"వంట్లో మంట. అది బాగా మండితే కొవ్వు కరుగుతాదంట."

పొద్దున లేవగానే జీలకర్ర నీళ్ళు. కాసేపటికి నిమ్మరసంలో తేనె. షెడ్డులో పని మధ్యన గ్రీన్ టీ, సాయంత్రం దాల్చినచెక్క కషాయం. ఏది కొత్తగా వింటే అది, ఆ పూటే. ఒకాయన మిరపకాయ తింటే ఒంట్లో వేడి పుట్టి కొవ్వు కరుగుతుందని చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. కర్నూలు సీమ మనిషికి ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది! బుడ్డల ఊరుమిండిలో, అదే వేరుశెనగ పచ్చడిలో, పచ్చిమిరపకాయలు రెట్టింపు వేయించాను. పప్పులో ఎండుమిరపకాయలు నలుపుకున్నాను. మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయలు.

మా ఆవిడ పదిరోజులు చూసింది. చివరికి రోకలి పక్కన పెట్టి అంది:

"బావా, కారం తింటే సన్నబడేదుంటే మన సీమలో ఒక్క లావు మనిషన్నా కండ్లబడతాడా?"

మాట బాగానే తగిలింది. కడుపు అంతకంటే బాగా మండింది. కాటా ఎక్కితే తొంభై తొమ్మిది. ఊరుమిండి కారానికి తట్టుకోలేక ప్రతి ముద్దకూ అన్నం ఎక్కువ కలుపుకున్నాను గదా, కిలో పెరిగాను.

ఆ వారమే మా ఆవిడ నన్ను నంద్యాల బస్సెక్కించింది. అక్కడ ఒక ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి ఉందని ఎవరో చెప్పారట. అమ్మాయి చిన్నదే, పాతికేళ్ళుంటాయేమో. జూపాడు బంగ్లా వైపు రైతుల ఇంటి పిల్ల. ముందు రక్తం, షుగరు, థైరాయిడు పరీక్షలు రాసింది. అవి బాగానే ఉన్నాయని చూశాక నోటు పుస్తకం తీసి, నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నావో చెప్పన్నా అంది.

చెప్పాను. పొద్దున ప్లేటు బొరుగుల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు. షెడ్డులో టీలు.

"ఎన్ని?"

"ఏడో ఎనిమిదో."

"చక్కెర వేసేనా?"

"చక్కెర ల్యాకుండా టీ ఏందమ్మా?"

మధ్యాహ్నం అన్నం. ఎంత అని అడిగితే చేతులతో చూపించాను. మా ఆవిడ నా చేతులు పట్టుకుని ఇంకాస్త ఎడంగా జరిపింది. సాయంత్రం మళ్ళీ బజ్జీలు, మళ్ళీ అన్నం. వీటి పైన ఈ పదిరోజుల జీలకర్ర నీళ్ళు, తేనె, కషాయాలు.

ఆ పిల్ల నవ్వలేదు. "నువ్వేం పని చేస్తావన్నా?" అంది.

"రాళ్ళు చెక్కుతా."

"ఉలులు కాల్చే కొలిమి ఉండాదా?"

"ఉండాది."

"కొలిమిలో గడ్డి వేస్తే ఎట్ల మండుతాది, బొగ్గు వేస్తే ఎట్ల మండుతాది?"

గడ్డి భగ్గుమని ఆరిపోతుంది, బొగ్గు నిదానంగా చాలాసేపు కాలుతుంది. చెప్పాను.

"నువ్వు పొద్దున్నుంచి గడ్డే వేస్తాండావు. అందుకే గంటకోసారి ఆకలి. ఉలవలు, పెసలు, శెనగలు, పెరుగు తిను. వాటిల్లో మాంసకృత్తులుంటాయి. అవి అరగడానికే వళ్ళు కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టుకుంటాది, కడుపు నిండుగా ఉంటాది. తెల్లన్నం బదులు ఒక పూట కొర్రన్నం, ఒక పూట జొన్నరొట్టె. పీచు ఉంటాది. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు."

"మిరపకాయ?"

"పని చేస్తాది, రవ్వంత. గ్రీన్ టీ కూడా అంతే, రవ్వంత. దాన్ని నమ్ముకుని మాఘానికి సన్నబడవు. ఏ తిండీ తనంతట తాను కొవ్వు కరిగించదన్నా. మంచి తిండి నీకు సాయం చేస్తాది, నడిచేది నువ్వే."

మోకాళ్ళ నొప్పులని ఆ పిల్లకు చెప్పుకుందే గానీ, ఆసుపత్రి మెట్లు దిగేసరికి మా ఆవిడ నాకన్నా ముందుంది. నంద్యాల బజారులో అంగడి అంగడికీ తిరిగి కొర్రలు కొంది, ఉలవలు కొంది, జొన్నలు కొంది. అరచేతిలో పోసుకుని వాసన చూసి, ఒక గింజ కొరికి, మంచివి ఏరింది. తిరుగు బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కొత్త చీర కొన్నంత సంబరంగా కూర్చుంది. "మా అవ్వ ఉలవచారు పెట్టేది బావా. నాకు గుర్తుండాది. ఎన్నేండ్లయిందో!" అని దారంతా అదే మాట.

మొదటి రోజు కొర్రన్నం జావయింది. రెండో రోజు గొంతులో గరగరమంది. మూడోనాడు తన పిన్నికి ఫోను చేసి, ముందుగా రెండు గంటలు నానబెట్టాలని తెలుసుకుంది. నాలుగో రోజు మూత తీస్తే పొడిపొడిగా, పసుపు రంగులో, కమ్మటి వాసన. గోంగూర పప్పుతో తిన్నాను. సగం గిన్నె దగ్గరే కడుపు చాలంది. నేను ఆశ్చర్యపోయి కంచం వైపే చూస్తుంటే, "ఏందీ, బాగాల్యా?" అని కంగారుపడింది. "బాగుండాది. నిండిపోయింది!" అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.

షెడ్డుకు పోయేటప్పుడు బజ్జీల బదులు ఉలవ గుగ్గిళ్ళు డబ్బాలో పెట్టిచ్చేది. ఉడికించి, ఉల్లిపాయ, కొబ్బరి తురుము, రెండే రెండు ఎండుమిరపకాయలు వేసి తాలింపు. ఆ ఉడికిన నీళ్ళు రాత్రికి చారు. టీలు మూడుకు దిగాయి, అదీ చక్కెర లేకుండా. మొదటివారం చేదు మందు తాగినట్టే ఉంది. తర్వాత అలవాటయింది.

నడక అహోబిలం రోడ్డు మీద. తెల్లవారాక ఇద్దరం బయలుదేరేవాళ్ళం. యాత్రికుల జీపులు పక్కనుంచి పోతూ హారను కొట్టేవి. తెలిసిన డ్రైవర్లు ఆపి, "ఎక్కన్నా, కొండ కాడ దించుతాం" అనేవాళ్ళు. "వద్దప్పా, మేం సన్నబడతాండాం" అని మా ఆవిడే జవాబిచ్చేది.

షెడ్డులో ఒక పని చేశాను. రెండు రాతి పలకలు ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యన సరిగ్గా జానా నాలుగు వేళ్ళ ఎడం ఉంచాను. ప్రతి ఆదివారం పొద్దున చొక్కా విప్పి ఆ సందులో దూరడం. మొదటి ఆదివారం పొట్ట అంచు కూడా పోలేదు. మా ఆవిడ సుద్దముక్కతో పలక మీద గీత పెట్టింది. తర్వాతి ఆదివారం గీతకు ఒక వేలు లోపల. ఆ మరుసటి వారం ఇంకో వేలు. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు ఉలులు పక్కన పడేసి వచ్చి చూసేవాళ్ళు. "పోయినాడు, పోయినాడు... ఆగినాడు!" అని అరిచేవాళ్ళు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం నాకు జీవితంలో అదే మొదలు. కార్తీకమాసం వెళ్ళేసరికి కాటా మీద తొంభై నాలుగు.

తర్వాత ఆగిపోయింది. మూడు వారాలు గీత గీతే. ముల్లు ముల్లే. ఒకనాడు మధ్యాహ్నం ఉలులకు ఉక్కు కొనడానికి బజారుకు పోయినవాణ్ణి, కాళ్ళు వాటంతటవే బస్టాండు పక్క బజ్జీల బండి దగ్గరికి తీసుకుపోయాయి. నాలుగు బజ్జీలు చెప్పాను. ఒకటి నోట్లో పెట్టుకుని తలెత్తితే ఎదురుగా మా ఆవిడ, కూరగాయల సంచితో.

తిడుతుందనుకున్నాను. వచ్చి పక్కన బల్ల మీద కూర్చుంది. నా కాగితంలోంచి ఒక బజ్జీ తీసుకుని, ఊదుకుంటూ, నిదానంగా తిన్నది. తిన్నాక కాగితం మడిచి బండాయనకు తిరిగిచ్చి, "ఒకటి చాలు బావా. నాకూ ఒకటి చాలు" అంది. లేచి నడిచింది. నేను వెనకాలే నడిచాను. ఆ పూట కలిగిన సిగ్గు గుళ్ళో ఇరుక్కున్ననాడు కూడా కలగలేదు నాకు.

సాయంత్రం తనే నంద్యాల అమ్మాయికి ఫోను చేసింది. బరువు కొంతకాలం ఆగడం మామూలేనంది ఆ పిల్ల. నడక పెంచమంది. రాత్రి అన్నం పొద్దుండగానే తినమంది, నిద్ర చెడగొట్టుకోవద్దంది. ఫోను పెట్టేముందు, "అక్కా, నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది?" అని అడిగిందట. అప్పుడు గుర్తొచ్చింది మా ఆవిడకు, నొప్పి నెలరోజుల నుంచి లేదని. నాకు వండిందే తింటూ, నాతో నడుస్తూ తనూ నాలుగు కిలోలు తగ్గింది. మేమిద్దరం అది గమనించనే లేదు!

పుష్యమాసంలో ముల్లు మళ్ళీ కదిలింది. తొంభై రెండు, తొంభై, ఎనభై ఎనిమిది. స్వామి విగ్రహం పూర్తయింది, తోరణం మీద ఆఖరి పువ్వు చెక్కాను. ముహూర్తానికి ముందు ఆదివారం పలకల మధ్య దూరితే నాభి దగ్గర చర్మం గీరుకున్నా, ఇంకో వేలు మందం పోవలసి ఉండగానే ఆగిపోయాను. చూడటానికొచ్చినవాళ్ళు ఎవరి షెడ్డుకు వాళ్ళు పోయి ఉలులు అందుకున్నారు. ఇంకా అయిదు రోజులుంది.

ప్రతిష్ఠ నాడు పొద్దున్నే గుడి చుట్టూ జనం. మామిడాకుల తోరణాలు, మేళం, హోమం పొగ. స్వామిని పీఠం మీద కూర్చోబెట్టాం. గొలుసులతో రాతి తోరణాన్ని పైకెత్తి మా వాళ్ళు ముందు నుంచి పట్టుకున్నారు. నేను చొక్కా విప్పి, పంచె బిగించి, సందు ముందు నిలబడ్డాను. పెద్దాయన నా పొట్ట వైపు చూశాడు, గోడ వైపు చూశాడు.

"గాలి వదులప్పా" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

ఉన్న గాలంతా వదిలాను. భుజం పోయింది. రొమ్ము పోయింది. పొట్ట రాయిని తాకింది, ఇటు చల్లగా, అటు చల్లగా. ఒక్క క్షణం ఆగాను. కాలివేళ్ళ మీద లేచి జరిగాను. జారాను. లోపలికి పోయాను!

"పోయినాడు!" అని పెద్దాయన కేక పెట్టాడు. బయట జనం ఎందుకో ఏమిటో తెలియకుండానే "గోవిందా!" అన్నారు.

లోపల పని అంత తేలిక కాలేదు. గట్టిగా ఊపిరి పీల్చుకుంటే రెండు రాళ్ళూ ఒత్తుతున్నాయి. చిన్న చిన్న ఊపిరితోనే తోరణం కొసలు తడిమాను. కుడి కొస గుంతలో కూర్చుంది. ఎడమ కొస కూర్చోలేదు. గుంత వెనక అంచున బియ్యపుగింజంత రాయి అడ్డం. సుత్తి ఎత్తడానికి చోటు లేదు. ఉలి పెట్టి అరచేత్తోనే కొట్టాను. పది దెబ్బలు, తడమడం. ఇంకో పది, మళ్ళీ తడమడం. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. పెద్దాయన అవతల నుంచి టార్చి లైటు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చివరికి గింజ ఊడిపడింది. "దించండప్పా, మెల్లగా" అన్నాను. తోరణం టక్కుమని కూర్చుంది. నా వీపు ఆనుకున్న గోడకు కూడా ఆ చప్పుడు తెలిసింది.

తోరణాన్ని పీఠానికి పట్టి ఉంచే ఇనప కొక్కేలు బిగించి, రెండో పక్క నుంచి బయటికి వచ్చాను. పొట్ట మీద రెండు గీతలు, ఒళ్ళంతా రాతిపొడి. పెద్దాయన తన కండువా తీసి నా మొహం తుడిచాడు. మా ఆవిడ ఆడవాళ్ళ మధ్యన నిలబడి ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి.

భోజనాలప్పుడు ఇంకో తమాషా. చక్కెర పొంగలి వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి గరిటెలో సగం చాలన్నాను. పక్కనే కూర్చున్న పెద్దాయన తన పొట్ట నిమురుకుని, "ఏందప్పా నువ్వు తిన్నది? నిజం చెప్పు. మందా?" అన్నాడు.

"ఉలవలన్నా. కొర్రన్నం. నడక."

"ఉలవలా! మా ఎద్దులకు పెడతాంటిమే."

"ఎద్దులకేమన్నా పొట్టుండాదా పెద్దాయనా?" అంది మా ఆవిడ వెనక బంతి నుంచి. అంతే, ఆడవాళ్ళంతా తన చుట్టూ మూగారు. ఎన్ని గంటలు నానబెట్టాలి, కుక్కరులో ఎన్ని కూతలు, చారులో చింతపండు ఎంత... ఒక్కొక్కటీ చెబుతోంది. షుగరు మందులు మింగేవాళ్ళు ముందు డాక్టరును అడిగి మొదలుపెట్టండని మరీ మరీ చెప్పింది. సాయంత్రం బస్సు వేళయినా తను కదలలేదు.

ఇప్పుడు ఎనభై ఆరు, ఎనభై ఏడు మధ్యన ఉన్నాను. పెళ్ళిళ్ళలో భక్ష్యాలు తింటే పెరుగుతుంది, మళ్ళీ రోడ్డెక్కితే దిగుతుంది. ఇదొక రోజుతో అయిపోయే పని కాదని తెలిసింది. కానీ నాకు వేరే లాభం జరిగింది. ఆరేళ్ళుగా స్టూలు మీద కూర్చుని పని చేస్తూ, కింద కూర్చుని చెక్కవలసిన సన్నపనులన్నీ వేరేవాళ్ళకే ఇస్తూ వచ్చాను. మొన్న ఒక నందికి మెడగంటల పట్టీ చెక్కడానికి నేల మీద గోనెపట్టా వేసుకుని, బాసిపట్లు వేసుకుని కూర్చున్నాను. రెండు గంటలు. మోకాలు పట్టెయ్యలేదు. గంటలు ఒక్కొక్కటే రాయిలోంచి బయటికొస్తున్నాయి. ఎవరో టీ తెచ్చి పక్కన పెట్టినట్టున్నారు, చల్లారిపోయింది కూడా. నాకు లేవబుద్ధి కాలేదు.